నూనె వేడి చెప్పే ముల్లు

ఆయన్ని ఆ దారిలో అందరూ ఆగు మేస్త్రి అంటారు. కొండకు సరిగ్గా నడుము దగ్గర ఆయన రిపేరు షెడ్డు ఉంది. కింది సగం ఎక్కి వచ్చిన బండి ఏదైనా సరే అక్కడ ఆగి బానెట్ ఎత్తాలి. ఆయన వచ్చి ఇంజినులోంచి ఆయిల్ పుల్ల బయటికి లాగి, దాని కొసనున్న నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి చూస్తాడు. తర్వాత "పో" అంటాడు, లేదా "ఆగు" అంటాడు. ఆగమన్నవే ఎక్కువ కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇలా ఆపాలని ఏ రూలు పుస్తకంలోనూ రాసి లేదు. అయినా ముప్ఫై ఏళ్ళుగా ఆయన మాట కాదని పైకెక్కిన మొనగాడు లేడు. ఒకరిద్దరు ఎక్కారు గానీ వాళ్ళను తాడు కట్టి కిందికి లాక్కొచ్చారు.

అలా లాక్కొచ్చినవాళ్ళలో చివరివాడు ఆయన సొంత కొడుకే.

కొడుకు ఆసుపత్రి జీపు డ్రైవరు. నాలుగు చక్రాలూ లాగే మొండి బండి అది. వారానికి రెండుసార్లు నర్సమ్మనూ, టీకాల ఐసుపెట్టెనూ పై ఊళ్ళకు చేర్చాలి. నెల క్రితం ఒకరోజు షెడ్డు దాటిన రెండో మలుపులో ఆ జీపు ఇంజిను పట్టేసింది. నీళ్ళ వేడి చూపించే ముల్లు మధ్యలో నింపాదిగానే కూర్చుని ఉంది. కాగిపోయింది లోపలి నూనె. అది పలచబడి బేరింగులకు పనికిరాకుండా పోయి, ఇనుమూ ఇనుమూ రాసుకుని బిగుసుకుపోయాయి. ఐసు కరిగింది, నర్సమ్మ కాలినడకన దిగింది, పై ఊళ్ళ పసిపిల్లలకు ఆ వారం సూది పడలేదు. ఆసుపత్రి బళ్ళు చూసే సూపర్‌వైజరు వచ్చి, "షెడ్డు దగ్గర ఆపి చూపించావా?" అని అడిగితే కొడుకు నేలచూపులు చూస్తూ, "తొందరలో ఆపలేదండీ" అన్నాడు. అంతటితో అతని డ్రైవరు సీటు పోయింది. ఆసుపత్రి గోడౌనులో పెట్టెలు మోసే పనికి మార్చారు.

ఆ రోజు కోడలు షెడ్డులో లేదు. షెడ్డులో వైరింగు పనంతా ఆమెదే. హెడ్‌లైటు నుంచి హారను దాకా కరెంటుతో నడిచేది ఏదైనా ఆమె చేతికి రావలసిందే. ఇంజిను జోలికి మాత్రం వెళ్ళదు, అది మామగారి రాజ్యం. బల్బులు కొనడానికి కిందికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి తాడు కట్టిన జీపు వాకిట్లో ఉంది, మొగుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"కన్నతండ్రి షెడ్డు ముందు బ్రేకు తొక్కడానికి మీకు కాలు రాలేదా?" అని ఆమె చెడామడా తిట్టింది. అతను పెదవి విప్పలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నాడని ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. మామగారూ ఆ రోజు నోరు మెదపలేదు. కొడుకు తన మాట వినలేదన్న బాధేమో అనుకుంది.

జీపును బాగుచేసే పని వాళ్ళ షెడ్డుకే వచ్చింది. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మామగారు ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. "అమ్మాయ్, ఇటు రా. ఇక్కడ వేలు పెట్టి చూడు. గీత తగులుతోందా?" తగులుతోందంటే, "ఎంత లోతు? గోరు ఆగుతోందా, జారిపోతోందా?" బోల్టు బిగించేటప్పుడూ అంతే. పానా ఆమె చేతికిచ్చి పక్కన నిలబడేవాడు. "మెత్తగా వస్తోందా, మొరాయిస్తోందా? మొరాయించగానే చెప్పు." ముసలాయనకు ఇన్నాళ్ళకు విద్య పంచాలన్న బుద్ధి పుట్టిందని ఆమె మురిసిపోయింది. ఒళ్ళంతా నూనె మరకలైనా లోలోపల పొంగిపోయింది.

ఇంజిను మళ్ళీ ఊపిరి పోసుకున్నాక సూపర్‌వైజరు కబురు పెట్టాడు. గురువారం మధ్యాహ్నం తానే వస్తాడట. బరువు వేసి, కొడుకు చేత కొండ ఎక్కించి చూస్తాడట. బాగా నడిపితే సీటు తిరిగి ఇస్తాడు, లేకపోతే వేరే డ్రైవరును చూసుకుంటాడు. కొడుక్కి చిన్నప్పటి నుంచి స్టీరింగు తప్ప వేరే ధ్యాస లేదు. గోడౌనులో పెట్టెలు మోసి వచ్చి, అన్నం ముందు కూర్చుని కూడా ఎడమ చెయ్యి గేరు మార్చినట్టు కదిలిస్తుంటాడు. అది చూసి, అన్ని తిట్లు తిట్టిన ఆమెకే ఇప్పుడు ఏదో ఒకటి చేయాలనిపించింది.

అప్పుడే ఆమెకు మీటరు ఆలోచన వచ్చింది. ఇంజిను నూనె ఎంత వేడెక్కిందో అంకెల్లో చూపించే మీటరు. డ్రైవరు ఎదుటే ఉంటుంది. ఇక పుల్ల లాగనక్కర్లేదు, ఆపావా లేదా అన్న పంచాయతీ అక్కర్లేదు. వేడెక్కితే ముల్లే చెబుతుంది, పక్కన కూర్చున్న సూపర్‌వైజరు కళ్ళారా చూస్తాడు. ఆమె యాభై నుంచి నూటయాభై దాకా అంకెలున్న గుండ్రటి మీటరు తెచ్చి, వైర్ల డబ్బా అడుగున దాచిపెట్టింది.

ఎందుకు దాచిందంటే మామగారి భయం. ఆయనకు మీటర్లంటే పడదు. "మీటర్లు వేళ్ళు లేనివాళ్ళకమ్మా" అని ఎన్నోసార్లు అన్నాడు. ముప్ఫై ఏళ్ళ పేరున్న మనిషి ఎదుటికి ఒక డబ్బీ తీసుకెళ్ళి, ఇక మీ వేళ్ళతో పనిలేదు అన్నట్టు మాట్లాడటం ఎలా? వారం రోజులు మాటలు కూడగట్టుకుంది. ఇలా అంటే అలా అంటాను, అలా అంటే ఇలా అంటాను అని అద్దం ముందు కూడా ఒకసారి అనుకుంది. చివరికి బుధవారం పొద్దున్న టీ ఇస్తూ, కళ్ళు మూసుకున్నంత పని చేసి, చెప్పేసింది.

మామగారు టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కడ పెడతావు?"

"కింద... నూనె వదిలే బోల్టు ఉంది కదా మామయ్యగారూ, దాని స్థానంలో సెన్సర్ పెడదామని."

"ఈ దారిలో రాయి తగిలి మొదటి రోజే పగులుతుంది. ఫిల్టరు మొదట్లో పక్కగా ఒక మూత బోల్టు ఉంది చూడు, అక్కడ పెడదాం. అడుగున నిలవున్న నూనె కన్నా అక్కడ పారే నూనె నిజం చెబుతుంది. సెన్సర్ నేను బిగిస్తాను. వైరింగు నువ్వు చేసుకో."

కత్తి నూరుకుని యుద్ధానికి వెళ్తే అవతలివాడు కుర్చీ వేసి కూర్చోమన్నట్టయింది. గెలిచినందుకు సంతోషించాలో, ఇంత సులువుగా గెలిచినందుకు భయపడాలో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రానికి పని అయిపోయింది. స్టీరింగు పక్కన మీటరు కుదురుగా కూర్చుంది. వైరును వేడి తగలకుండా గొట్టంలో దూర్చి, అడుగడుక్కీ కట్టి, ఇంజిను గదిలోంచి లోపలికి తెచ్చింది. చిన్న పనైనా చూడముచ్చటగా చేయడం ఆమె అలవాటు.

గురువారం పొద్దున్న ఇంజిను స్టార్టు చేసి పావుగంట ఉంచారు. బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. మీటరు ముల్లు మాత్రం యాభై దగ్గరే, చలికి ముడుచుకుని పడుకున్నట్టు పడి ఉంది. అరగంటైనా అంతే.

"వైరు చూసుకోమ్మా" అన్నాడు మామగారు షెడ్డు ఆ చివర నుంచి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆమె ముందు మీటరునే తిట్టుకుంది. తర్వాత బుద్ధి తెచ్చుకుని వరసగా చూసింది. ఫ్యూజు బాగుంది. మీటరుకు కరెంటు వస్తోంది. సెన్సర్ మీద నుంచి వైరు ఊడదీసి, దాని కొసను ఇంజిను ఇనుముకు తాకించింది. ముల్లు ఒక్క ఉరుకున నూటయాభైకి లేచింది. అంటే మీటరూ మంచిదే, వైరూ మంచిదే. తన పనిలో లోపం లేదు. ఇక మిగిలింది సెన్సర్. దానికి వైరు ఒకటే, రెండో దారి దాని ఒంటి నుంచే, మర గుండా ఇంజిను ఇనుములోకి పోవాలి. ఆ దారి తెగితే మీటరు మూగదవుతుంది.

అప్పటికి పదకొండయింది. మొగుడు గోడౌను నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, జుట్టు తడిపి దువ్వాడు, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా జీపు చుట్టూ తిరుగుతున్నాడు. "అవుతుందంటావా?" అని ఆమెను అడిగాడు. "పక్కకు తప్పుకోండి, వెలుతురు పడట్లేదు" అంది ఆమె. భయమేస్తే ఆమెకు కసురుకోవడం అలవాటు.

ఇంజిను ఆపి, కాస్త చల్లారనిచ్చి, సెన్సర్‌ను పానాతో తిప్పింది. ఆశ్చర్యంగా తేలిగ్గా వచ్చేసింది, అసలు సరిగ్గా బిగించనే లేదు. బయటికి తీసి వెలుతురులో పెట్టి చూసింది. మర చుట్టూ తెల్లటి టేపు ఉంది. ఒక చుట్టు కాదు, నాలుగు. కారకుండా కొళాయి పనివాళ్ళు చుట్టే టేపు, కరెంటును ఇనుములోకి దాటనివ్వదు.

ఆమె దాన్ని చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. టేపు చుట్టొద్దని తాను మామగారికి చెప్పలేదు. చేపకు ఈత నేర్పడమవుతుందని చెప్పలేదు. ఎందుకంటే ఆయన జన్మలో టేపు ముట్టలేదు. ఎవరైనా టేపు చుట్టిన బోల్టు తెస్తే, "మర ఎంత బిగిసిందో వేలికి తెలియాలి. తెలియనివాడు టేపు చుడతాడు. వాడు మేస్త్రి కాదు, కట్లు కట్టే కాంపౌండరు" అని పదిమందిలో పరువు తీసేవాడు.

తెలియనివాడు టేపు చుడతాడు.

ఆమె తలెత్తి చూసింది. షెడ్డు ఆ చివర మామగారు శుభ్రంగా ఉన్న పానాను మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. ఇటు చూడటం లేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. నిన్న పొగలు కక్కే టీ గ్లాసును ఆయన అరచేత్తో పట్టుకున్నాడు. తాను ఆ గ్లాసును అంచు పట్టుకుని ఇచ్చింది. కొంతకాలంగా గుండీల చొక్కాలు మానేసి, తల మీంచి తొడుక్కునేవే వేసుకుంటున్నాడు. గోరు ఆగుతోందా, జారిపోతోందా? మొరాయించగానే చెప్పు. విద్య పంచడం కాదది. ఆయన ఆమె వేళ్ళను అరువు తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. తండ్రి షెడ్డు ముందు ఆపకుండా మొగుడు ఏనాడూ వెళ్ళలేదు. టీ కోసమైనా ఆపేవాడు. ఆ ఒక్కరోజే ఆపలేదా?

అడగడానికి అది సమయం కాదు. ఆమె టేపంతా గోరుతో గీకి, మర శుభ్రం చేసి, సెన్సర్‌ను ఒట్టి చేతులతో బిగించి, చివరి తిప్పు పానాతో తిప్పింది. మర మొరాయించిన చోటు వేళ్ళకు స్పష్టంగా తెలిసింది. వైరు తగిలించి స్టార్టు చేయమంది. ముల్లు కదిలింది. అరవై. డెబ్భై.

"ఏమైంది?" అన్నాడు మామగారు దగ్గరికి వచ్చి.

"నా తప్పే మామయ్యగారూ. వైరు వదులుగా తగిలించాను" అంది ఆమె, టేపు ముక్కలున్న పిడికిలి వెనక్కి పెట్టుకుని.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు గొడుగుతో సహా దిగాడు. ఎండా వానా లేకపోయినా, జీపులో కూర్చున్నా గొడుగు ఆయన మోకాళ్ళ మధ్య ఉండాల్సిందే. వెనక ఇసుక బస్తాలు వేయించాడు. తాను ముందు సీట్లో కూర్చున్నాడు. మామాకోడళ్ళు బస్తాల మీద సర్దుకున్నారు. ముందు కొండ కిందికి దిగి, అక్కడి నుంచి మొత్తం ఎక్కాలన్నాడు.

నడుము దాకా ముల్లు తొంభై దాటలేదు. షెడ్డు దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. రాళ్ళు చక్రాల కింద నలుగుతున్నాయి, బండి మూలుగుతూ పాకుతోంది. నూరు. నూట ఎనిమిది. నీళ్ళ ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు మధ్యలోనే ఉంది. రెండో మలుపు దగ్గర నూనె ముల్లు నూట ఇరవై దాటింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. కొడుకే కాస్త చదునుగా ఉన్న చోటు చూసి బండి ఆపి, చేతి బ్రేకు లాగి, ఇంజిను మాత్రం ఆపకుండా మెల్లగా నడవనిచ్చాడు.

"ఇంజిను ఆపవేం?" అన్నాడు సూపర్‌వైజరు.

"నూనె తిరుగుతుంటేనే చల్లబడుతుందండీ. ఆపేస్తే ఉన్నచోటే మాడుతుంది."

ఎనిమిది నిమిషాలు కూర్చున్నారు. ముల్లు ఒక్కో గీతే దిగింది. నూట నాలుగుకు వచ్చాక గేరు వేశాడు. ఆ తర్వాత శిఖరం దాకా ఎక్కడా తడబడలేదు. పైన గాలి చల్లగా తగిలింది. సూపర్‌వైజరు దిగి, బండి చుట్టూ తిరిగి, గొడుగుతో చక్రాన్ని పొడిచి చూసి, తల ఊపాడు.

"బాగుంది. చూశావా, ఆ రోజు కూడా ఇలా ఒక్కసారి ఆపి ఉంటే ఇంత అగచాట్లు ఉండేవి కావు. అవునా?"

"అవునండీ" అన్నాడు కొడుకు, తల వంచుకుని.

"కాదు" అన్నాడు మామగారు.

ఆయన ఇంకా బస్తాల మీదే కూర్చుని ఉన్నాడు. మెల్లగా దిగి, బండి పట్టుకుని నిలబడ్డాడు. "వాడు ఆపాడండీ ఆ రోజు. బానెట్ ఎత్తి, నూనె మాడు వాసన వేస్తోంది చూడు నాన్నా అన్నాడు. నేను నలిపి చూసి పొమ్మన్నాను. నా వేళ్ళకు వేడి తెలియడం మానేసి ఆరేడు నెలలైంది."

"నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు కొడుకు.

"ఎందుకా? ఆయన అవునా అంటే నువ్వు అవునన్నావు కాబట్టి. నా కళ్ళ ముందే అన్నావు. నెల నుంచి నువ్వు పెట్టెలు మోస్తుంటే నేను నోరు మూసుకుని అన్నం తిన్నాను. వేళ్ళు పోయాయని తెలిస్తే ఈ దారిలో నా ముందు ఎవరు బండి ఆపుతారని భయపడి చచ్చాను. నీ బతుకు కన్నా నా పేరే నాకు ఎక్కువైపోయిందిరా." ఆయన కోడలి వైపు తిరిగాడు. "పొద్దున్న ఆ టేపు చుట్టిందీ నేనే. అది నువ్వు నీ మీద వేసుకున్నావు. ఈ ఇంట్లో అందరూ నా కోసం అబద్ధాలాడేవాళ్ళే. ఇక చాలు."

ఆమెకు కళ్ళు నిండిపోయాయి. నెల కింద అరుగు మీద కూర్చున్న మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ మాటలన్నీ పడుతూ కూడా తండ్రి పేరు ఒక్కసారి ఎత్తని మనిషి వైపు చూడలేక, చక్రం వైపు చూస్తూ నిలబడింది.

సూపర్‌వైజరు గొడుగు తెరిచాడు, మూశాడు. ఆయనకు ఇలాంటివి రూలు పుస్తకంలో దొరికేవి కావు.

"అయితే ఈ ఇంజిను ఎవరు కట్టారు?" అన్నాడు చివరికి.

"చెప్పింది నేను. బిగించింది మా కోడలు. ఏ బోల్టు ఎంత బిగిసిందో తన వేళ్ళకే తెలుసు. ఇప్పుడు మనల్ని ఇంత ఎత్తు మోసుకొచ్చింది ఆ ఇంజినే."

అప్పటిదాకా ఆమెకు ఆ మాట తట్టలేదు. ఆ ఇంజిను తాను కట్టింది.

"నేను వచ్చింది డ్రైవరును చూడటానికి" అన్నాడు సూపర్‌వైజరు. "ఆ రోజు కాగితంలో రాసుకున్నది నేను మారుస్తాను. రేపటి నుంచి బండి ఇతనిదే. కొండెక్కే మిగతా రెండు బళ్ళకు కూడా ఇలాంటి మీటర్లు పెట్టమ్మా. ఎంత దాటితే నిలపాలో, ఎంతకు దిగితే కదలాలో మీరు రాసివ్వండి మేస్త్రి గారూ, ఆ లెక్క నాకు తెలియదు. షుగరేమైనా ఉందా మీకు? ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"లేదండీ. చూపిస్తే తెలిసిపోతుందని."

సూపర్‌వైజరు లోయ చూడటానికన్నట్టు అవతలికి వెళ్ళాడు.

కొడుకు తండ్రి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని వెల్లకిలా తిప్పాడు. వేళ్ళ కొసల మీద నల్లటి మచ్చలున్నాయి. ఇన్నాళ్ళూ గ్రీజు మరకలనుకున్నవి. బొటనవేలితో రుద్దితే పోలేదు. అవి కాలిన మచ్చలు. కొన్ని పాతవి, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇన్ని కాల్చుకున్నావా నాన్నా?"

"తెలియలేదురా."

కొడుకు ఆ చేతుల్ని వదల్లేదు. అతనికి తండ్రి మీద కోపం రావలసింది. వచ్చిందేమో కూడా. కానీ గొంతులో అది వినిపించలేదు.

"రేపు ఏడింటికల్లా బండి దగ్గర ఉండు. నర్సమ్మ బండి ఎక్కకముందే ఆమెకు ఈ చేతులు చూపించాలి. సూది వేయించుకోమంటే వేయించుకోవాలి, మందులు మింగమంటే మింగాలి. నాకు పని ఉంది, షెడ్డు ఉంది అంటే కుదరదు."

ముప్ఫై ఏళ్ళుగా ఆ దారిలో డ్రైవర్లకు చెప్పడమే గానీ, ఏ డ్రైవరు మాటా వినని మనిషి ఆయన.

"అలాగే. డ్రైవరు చెప్పాక తప్పుతుందా" అన్నాడు.